మట్టాంచేరి యూదుల వీధి

కేరళలోని కొచ్చి నగరంలో, మట్టాంచేరి పాత రాజభవనం పక్క నుంచి దక్షిణంగా ఉప్పునీటి కాయల్ ఒడ్డు వెంబడి సాగే ఇరుకైన వీధిని మలయాళీలు జూత తెరువు అంటారు. పర్యాటకులకు ఇది జూ టౌన్. ఉత్తరపు కొసన 1568లో వెలసిన యూదుల ప్రార్థనాలయం పరదేశి సినగాగ్, దాని ముందు నుంచి రెండు పక్కలా గోడకు గోడ ఆనుకుని సాగే రెండంతస్తుల పెంకుటిళ్లు, వాటి వెనుక సుగంధద్రవ్యాల గోదాములు, దక్షిణపు కొసన శిథిలమైన మరో సినగాగ్. స్థూలంగా వీధి స్వరూపం ఇది. వచ్చేవాళ్లలో చాలామంది సినగాగ్‌లోని నీలిరంగు చైనా పలకలు చూసి, దుకాణాల్లో కాసేపు బేరాలాడి వెళ్లిపోతారు. పలకలు చూడదగ్గవే. అయితే ఈ పేటలో అంతకన్నా శ్రద్ధగా చూడవలసింది కట్టడాల అమరిక: ఏ గుడి పక్కన ఏ గుడి, ఏ ఇంటి వెనుక ఏ గోదాము, ఏ గదిలో ఎవరికి చోటు దక్కింది, ఎవరు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. అందుకే ఈ వ్యాసం ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచే వరసలోనే సాగుతుంది.

కొడుంగల్లూరు నుంచి కొచ్చికి

మలబారు తీరంలో యూదులు ఎప్పుడు అడుగుపెట్టారన్న దానికి ఐతిహ్యాలు చాలా ఉన్నాయి. సొలొమోను రాజు ఓడలతో వచ్చారని కొందరు, యెరూషలేము దేవాలయం కూలిన తరువాత వచ్చారని కొందరు చెబుతారు. గట్టి ఆధారం మాత్రం క్రీ.శ. 1000 ప్రాంతపు రాగి శాసనం. చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బన్ అనే యూదు ప్రముఖుడికి 72 హక్కులు ఇచ్చిన దానపత్రం అది. పగటి దివిటీ, పల్లకీ, గొడుగు, పన్నుల మినహాయింపు వంటివి ఆ హక్కుల్లో ఉన్నాయి. వట్టెళుత్తు లిపిలో చెక్కిన ఆ రేకులను పరదేశి సినగాగ్ భద్రపరుస్తూ వచ్చింది. 2017 జులైలో భారత ప్రధాని ఇజ్రాయెల్ వెళ్లినప్పుడు అక్కడి ప్రధానికి ఇచ్చిన కానుకల్లో వీటి నకలు ఉంది.

అప్పటి యూదుల కేంద్రం కొచ్చి కాదు, దానికి ఉత్తరాన ఉన్న కొడుంగల్లూరు. 1341లో పెరియారు నది వరదలకు ఆ రేవు పూడిపోయింది, కొచ్చి దగ్గర సముద్రానికి కొత్త ముఖం తెరుచుకుంది. వర్తకం తరలింది, వర్తకులూ తరలారు. కొచ్చిలో తొలి సినగాగ్ కొచ్చంగాడి పేటలో 1344లో లేచింది. ఆ కట్టడం ఇప్పుడు లేదు కానీ దాని హీబ్రూ శిలాఫలకాన్ని పరదేశి సినగాగ్ ఆవరణ గోడలో పొదిగారు. 1524లో కొడుంగల్లూరు యూదు పేట మీద జరిగిన దాడి తరువాత మిగిలినవాళ్లూ కొచ్చి దారి పట్టారు. అంతకు కొన్ని దశాబ్దాల ముందే, 1492లో స్పెయిన్ తన యూదులను వెళ్లగొట్టింది. అలా చెదిరిన కుటుంబాల్లో కొన్ని ఇక్కడికి చేరాయి. తరువాత అలెప్పో, బాగ్దాదుల నుంచీ వర్తకులు వచ్చారు. వీళ్లంతా కలిసి పరదేశులయ్యారు. అప్పటికే శతాబ్దాలుగా ఇక్కడున్న వాళ్లు మలబారీ యూదులు. ఈ విభజన ఎంత లోతైనదో సినగాగ్ గుమ్మం దగ్గరే తెలుస్తుంది.

మూడు కప్పులు, ఒకే ప్రహరీ

నడక రాజభవనం దగ్గర మొదలుపెట్టడం మంచిది. 1555లో పోర్చుగీసులు కట్టి కొచ్చి రాజు వీర కేరళ వర్మకు ఇచ్చిన భవనమిది. డచ్చివారు తరువాత మరమ్మతులు చేయించడంతో డచ్చి ప్యాలెస్ అన్న పేరు స్థిరపడింది. లోపలి రామాయణ కుడ్యచిత్రాలు వేరే వ్యాసానికి తగినవి, ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. గమనించవలసింది ఆవరణలోని పళయన్నూర్ భగవతి ఆలయాన్ని. ఆ ఆలయం గోడ అవతలే పరదేశి సినగాగ్.

రాజు ఈ స్థలాన్ని ఊరికే ఎంచలేదు. 1560లో గోవాలో ఇంక్విజిషన్ మొదలైంది. క్రైస్తవం పుచ్చుకున్నాక కూడా చాటుగా యూదు ఆచారాలు పాటిస్తున్నారని అనుమానం వస్తే చాలు, విచారణ, శిక్ష తప్పేవి కావు. పోర్చుగీసు కోట కొచ్చిలో కూతవేటు దూరంలో ఉండగా, యూదులకు తన ఇంటి గోడ పక్కన, తన కులదేవత గుడి పక్కన చోటివ్వడం అంటే వాళ్లు నా మనుషులని చెప్పడమే. 1568లో సామ్యూల్ కాస్టియెల్, డేవిడ్ బెలీలా, జోసెఫ్ లెవీ పూనికతో సినగాగ్ కట్టారు. ఆ రక్షణకూ హద్దులున్నాయి. 1662లో డచ్చివారు కొచ్చిని ముట్టడించి వెనక్కి తగ్గినప్పుడు, వాళ్లకు సాయపడ్డారన్న కోపంతో పోర్చుగీసులు యూదుల వీధిని దోచి సినగాగ్‌ను తగలబెట్టారు. మరుసటి ఏడాది డచ్చివారు మళ్లీ వచ్చి కోటను గెలిచారు, సినగాగ్ తిరిగి లేచింది. ఇప్పుడు మనం చూసే కట్టడంలో చాలా భాగం ఆ పునర్నిర్మాణానిదీ, ఆపై శతాబ్దపు చేర్పులదీ.

గడియారపు బురుజు

వీధిలోంచి చూస్తే సినగాగ్ గర్భశాల అసలు కనిపించదు. కనిపించేది సుమారు 45 అడుగుల గడియారపు బురుజు. 1760లో దీన్ని కట్టించింది ఎజెకీల్ రహాబి (1694–1771). ఈ వీధి చరిత్రలో ఆయన అంతటివాడు మరొకడు లేడు. అలెప్పో మూలాలున్న కుటుంబం. దాదాపు యాభై ఏళ్లపాటు డచ్చి ఈస్టిండియా కంపెనీకి కొచ్చిలో ప్రధాన వర్తకుడు. మిరియాల కొనుగోళ్ల నుంచి రాజులతో ఒప్పందాల దాకా ఆయన చేతి మీదుగానే నడిచేవి. బురుజు మీది గడియారపు ముఖాల్లో ఒకదాని మీద రోమన్ అంకెలు, మరొకదాని మీద హీబ్రూ అక్షరాలు, ఇంకొకదాని మీద మలయాళ అంకెలు ఉంటాయి. రేవు వర్తకుడు, ప్రార్థనకు వచ్చే యూదుడు, రాజభవనపు ఉద్యోగి ఎవరి లిపిలో వాళ్లు వేళ చూసుకునే ఏర్పాటు. ఈ గడియారం దశాబ్దాలపాటు ఆగిపోయి ఉండేది. 1998లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తన ప్రమాదపు జాబితాలో ఈ కట్టడాన్ని చేర్చింది, ఆ తరువాత బురుజు బాగుపడింది.

ముంగిలి, అజారా

గర్భశాల చేరడానికి అంచెలు దాటాలి. వీధి తలుపు, ఆపై గదులు, అక్కడి నుంచి ఆకాశం కనబడే ముంగిలి. గదుల్లో ఒకచోట కొచ్చి యూదుల చరిత్ర మీద పది పెద్ద చిత్రపటాలు వేలాడుతుంటాయి. 1968లో సినగాగ్ నాలుగువందల ఏళ్ల ఉత్సవాల సందర్భం అది. ఆ డిసెంబరు 15న ప్రధాని ఇందిరా గాంధీ హాజరయ్యారు, తపాలా శాఖ స్మారక బిళ్ల విడుదల చేసింది.

ఈ అంచెల పద్ధతి కేరళ దేవాలయాలదీ, పెద్ద ఇళ్లదీ. పడిప్పుర అనే వాకిలి, దాని వెనుక ముంగిలి, దాని మధ్యన అసలు కట్టడం. కేరళలో మిగిలిన సినగాగ్‌లన్నీ కొద్ది తేడాలతో ఇదే అమరికలో ఉంటాయి. ముంగిలి చుట్టూ నడవడానికి జాగా ఉంచడానికీ కారణముంది. సింహత్ తోరా పండుగనాడు కొచ్చి యూదులు తమ పవిత్ర గ్రంథమైన తోరా చుట్టలను బయటికి తెచ్చి సినగాగ్ చుట్టూ ఊరేగించేవారు. మరెక్కడి యూదులకూ ఇలాంటి అలవాటు లేదని, ఇది గుళ్ల ఉత్సవ విగ్రహాల ప్రదక్షిణను చూసి వచ్చినదేనని ఈ సముదాయంలో ఏడాదిపాటు ఉండి పరిశోధన చేసిన నేథన్ కాట్జ్, ఎలెన్ గోల్డ్‌బర్గ్ రాశారు. చెప్పులు విడిచి లోపలికి వెళ్లడమూ అలాంటిదే. ప్రపంచంలో చాలా సినగాగ్‌లలో ఆ నియమం లేదు.

ముంగిలికీ గర్భశాలకూ మధ్య ఉన్న చిన్న గది అజారా. పర్యాటకులు చెప్పులు విడిచి ఒక్క అడుగులో దాటేసే చోటు ఇది. ఈ సినగాగ్‌లో మాత్రం దీనికి ఒక చేదు చరిత్ర ఉంది. పరదేశుల ఇళ్లలో బానిసలుగా ఉండి, యూదు మతంలో చేరి, స్వేచ్ఛ పొందినవాళ్లనూ వాళ్ల వారసులనూ మెషుఖ్రారీం అనేవారు. వాళ్లకు గర్భశాలలో బల్లల మీద కూర్చునే హక్కు లేదు. అజారాలోనో మెట్ల మీదో కూర్చుని ప్రార్థన వినాలి. మలబారీ యూదులను కూడా పరదేశులు తమతో సమానంగా లెక్కించలేదు, పెళ్లి సంబంధాలు కలుపుకోలేదు. మత శాస్త్రం దీనికి ఒప్పుకోదు. పదహారో శతాబ్దంలోనే కైరో నుంచి రబ్బీ డేవిడ్ ఇబ్న్ జిమ్రా ఈ వివక్ష చెల్లదని తీర్పు రాసి పంపారు. కొచ్చిలో అది కాగితంగానే మిగిలింది. దేశమంతా అలవాటైన కులం, కొత్త మతం లోపల కూడా కొత్త పేరు పెట్టుకుని బతికింది.

దాన్ని కదిపినవాడు ఆ మెషుఖ్రారీంల నుంచే వచ్చాడు. అబ్రహాం బరాక్ సేలం (1882–1967) మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, కొచ్చి శాసనమండలిలో సభ్యుడై, 1929 లాహోరు కాంగ్రెస్‌కు వెళ్లివచ్చిన వ్యక్తి. బయట ప్రజాసభల్లో మాట్లాడే ఆయన సినగాగ్‌లో మాత్రం మెట్ల మీద కూర్చోవాలి. ఆయన గాంధీ పద్ధతినే పట్టాడు: ప్రార్థనను బహిష్కరించడం, సత్యాగ్రహం, మెట్ల మీద మౌనంగా కూర్చోవడం. ఏళ్లు పట్టింది కానీ 1940ల నాటికి నిషేధాలు ఒక్కొక్కటిగా సడలాయి. ఊళ్లో ఆయనను యూదు గాంధీ అనేవారు. ఇప్పుడు సినగాగ్ ముందరి దారికి ఆయన పేరే ఉంది. లోపల నీలి పలకల గురించి పావుగంట చెప్పే గైడ్లు ఈ మెట్ల దగ్గర ఒక నిమిషం ఆగితే బాగుండేది.

గర్భశాల

గర్భశాల ఒకే ఒక పెద్ద గది. మందపాటి గోడలు లాటరైటు అనే ఎర్రరాయివి, పైన సున్నపు గార. పెద్ద కిటికీలు, చెక్క తలుపులు, లోపల చదునైన చెక్క లోకప్పు, ఆపైన వాలు కప్పు, పెంకులు. రాయి, కలప, పెంకు, సున్నం అన్నీ ఈ నేలవే. పని కూడా మలబారు వడ్రంగులదే. ఆరు నెలలు వాన కురిసే తీరంలో గోడను తడవనీయకుండా చూరు ముందుకు చాచడం, గాలి అడ్డంగా దూసుకుపోయేలా కిటికీలను ఎదురెదురుగా పెట్టడం వాళ్లు గుళ్లలోనూ మసీదుల్లోనూ చర్చిల్లోనూ చేసిన పనే. ఈ తీరంలో పాత కట్టడం ఏ మతానిదో బయటి నుంచి చూసి పోల్చుకోవడం కష్టమన్న మాట ఇందుకే వచ్చింది.

పడమటి గోడకు హేఖల్ ఉంటుంది. తోరా చుట్టలను దాచే, చెక్కడపు పనితో ఎరుపు, బంగారు రంగులు పూసిన టేకు బీరువా అది. కొచ్చి నుంచి యెరూషలేము పడమర దిక్కు కనుక ప్రార్థన అటువైపు. తోరా చుట్టల తొడుగులు వెండి, బంగారపు పనివి. వాటిలో ఒకదానికి పెట్టే బంగారు కిరీటం 1805లో తిరువాన్కూరు మహారాజు ఇచ్చినది. గది నడుమ ఇత్తడి కటకటాలతో గుండ్రంగా ఒక వేదిక ఉంటుంది, పేరు తెవా. చదివేవాడు దాని మీద నిలబడతాడు, మిగిలినవాళ్లు గోడల వెంట బల్లల మీద కూర్చుంటారు. పైన బెల్జియం గాజు షాండిలియర్లు, రంగురంగుల గాజు నూనె దీపాలు ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో వేలాడుతుంటాయి. కరెంటు వచ్చాక కూడా పండుగలకు నూనె పోసి వెలిగించే అలవాటు పోలేదు.

ఇక కాళ్ల కింది పలకలు. 1762లో ఎజెకీల్ రహాబి చైనాలోని కాంటన్ నుంచి తెప్పించాడు. తెల్లని పింగాణీ మీద చేత్తో వేసిన నీలి బొమ్మలు, వెయ్యికి పైగా ఉన్నాయి. అచ్చు వేసినవి కావు కనుక ఒకే బొమ్మ ఉన్న రెండు పలకల్లోనూ కుంచె గీత తేడాగా పడింది. వీటి మీద ఒక కథ ప్రచారంలో ఉంది: పలకలు మొదట రాజు కోసం వచ్చాయట, వీటి తయారీలో ఆవు రక్తం కలుస్తుందని ఒక యూదు వర్తకుడు చెవిన వేయగానే రాజు వద్దన్నాడట, అవి చౌకగా సినగాగ్‌కు దక్కాయట. చరిత్రకారులెవరూ దీన్ని పట్టించుకోరు. రహాబికి డచ్చి ఓడల్లో సరుకు రప్పించుకునే వీలు ఎప్పుడూ ఉండేది, కల్పన అవసరమే లేదు. కథ మాత్రం బతికింది. సల్మాన్ రష్దీ 1995 నవల ‘ది మూర్స్ లాస్ట్ సై’లోనూ ఈ పలకలకు పాత్ర దొరికింది. పలకల మీద పరిచిన తివాచీల్లో ఒకటి ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ బహుమతి అంటారు.

నిర్మాణం దృష్టితో చూస్తే ఈ గదిలో అన్నిటికన్నా ప్రత్యేకమైనది పలకలు కాదు, తలుపు పైనున్న మేడ. ఇత్తడి రేకు తొడిగిన రెండు స్తంభాల మీద నిలిచిన ఆ మేడ ముందుభాగంలో రెండో తెవా ఉంది. వారపు విశ్రాంతి దినమైన సబ్బాతున, పండుగలప్పుడు తోరా చదివేవాడు మెట్లెక్కి అక్కడి నుంచి చదువుతాడు. సినగాగ్‌లో రెండు తెవాలు, అందులో ఒకటి మేడ మీద ఉండటం కేరళలో తప్ప మరెక్కడా కనబడదు. ఆ పై తెవాకు సరిగ్గా వెనుక, జాలీ తెర అవతల ఆడవాళ్ల గది. అంటే పండుగనాడు చదువరికి అందరికన్నా దగ్గరగా కూర్చునేది ఆడవాళ్లే. వాళ్లకు పైకి వేరే మెట్లున్నాయి.

దీన్ని ఒంటరిగా కాక కొచ్చి యూదు స్త్రీల జీవితంతో కలిపి చూడాలి. వాళ్లు హీబ్రూ చదవగలిగేవారు. మలయాళంలో వందల పాటలు నోట్‌బుక్కుల్లో రాసుకుని, పెళ్లిళ్లలోనూ పండుగల్లోనూ మగవాళ్ల ఎదుటే పాడేవారు. ఆ పాటల్లో కొన్ని ఫలానా సినగాగ్ ఎవరు కట్టారో, ఎలా కట్టారో చెప్పేవి. కట్టడాల చరిత్రను ఆడవాళ్లు పాటలో దాచిపెట్టిన ఉదాహరణ ఇది. స్కారియా జకరియా, ఓఫిరా గమ్లియెల్ ఆ పాటలను సేకరించి 2005లో ‘కార్‌కుళలి’ పేరుతో అచ్చువేశారు.

గోడ కలిసిన ఇళ్లు

బయటికి వచ్చి దక్షిణం వైపు తిరిగితే వీధి మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. కేరళ ఊళ్లకు అలవాటుపడ్డ కంటికి ఇది వింత. మలయాళీ ఇల్లు మామూలుగా ఒంటరి ఇల్లు. చుట్టూ తోట, తోట చుట్టూ దడి, పక్కింటికి వినబడాలంటే గొంతెత్తాలి. ఇక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య సందు లేదు, ఉమ్మడి గోడే. ముందు తోట లేదు, గుమ్మం దిగితే వీధి. గోదావరి, కృష్ణా తీరాల పాత అగ్రహారాలు చూసినవాళ్లకు ఈ అమరిక వెంటనే అర్థమవుతుంది: రెండు వరసల ఇళ్లు, మధ్యన ఒకే దారి, కొసన గుడి. తేడా అరుగుల్లో ఉంది. అగ్రహారపు ఇంటికి వీధి అరుగే ప్రాణం. ఇక్కడ చాలా ఇళ్లకు అరుగే లేదు, గోడ సూటిగా వీధిలోకి దిగుతుంది.

కింది అంతస్తు గోడలు మందం. తలుపులు వెడల్పు, కొన్నింటిలో మూటలు మోసుకుంటూ దూరేంత. మొదట్లో చాలా ఇళ్ల కింది భాగం కొట్టుగానో సరుకు గదిగానో ఉండేది, కుటుంబం పైన కాపురముండేది. పై అంతస్తుకు వీధి వైపు వరసగా చెక్క రెక్కల కిటికీలు. సాయంత్రం రేవు గాలి అక్కడి నుంచే వస్తుంది. కొన్ని కిటికీల ఇనుప చట్రాల్లో ఆరు కోణాల దావీదు నక్షత్రం కనిపిస్తుంది. కప్పులు పెంకులవి, వీధి వైపు వాలు. వాన నీరంతా వీధిలోకే రాలుతుంది కాబట్టి ఆషాఢంలో ఇక్కడ నడవడం గొడుగుకు కూడా పరీక్షే. వెనుక వైపు పెరళ్లున్నాయి, సుక్కోత్ పండుగకు పందిరి వేసుకునేది అక్కడ. వీధికి కనిపించని ఆ పెరళ్లే ఇంటికి వెలుతురు ఇచ్చేవి.

డచ్చివారి ప్రభావమని అందరూ అంటారు. 1663 తరువాత వీధి మళ్లీ లేచినప్పుడు కోటలోని డచ్చి ఇళ్ల పద్ధతి ఎదురుగానే ఉంది, కనుక ఆ మాటలో నిజముంది. కానీ రేవు పట్నంలో స్థలం ఇరుకు, అగ్గి, దొంగల భయం, ఆచారం ఒక్కటే అయిన కుటుంబాలు దగ్గరగా ఉండాలన్న కోరిక కూడా వరస ఇళ్లకు దారితీస్తాయి. సబ్బాతునాడు బండి ఎక్కకూడదు, దూరం నడవకూడదు. సినగాగ్ నాలుగడుగుల్లో ఉండాలి. ఉమ్మడి గోడల వెనుక మతాచారం చేసిన పనిని డచ్చివారికి అప్పజెప్పడం సరికాదు. 1686లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన మోసే పెరేరా డి పైవా ఇక్కడి యూదుల స్థితిగతులను రాసుకుని వెళ్లి, మరుసటి ఏడాది పుస్తకంగా అచ్చువేశాడు. యూరప్ యూదులకు ఈ వీధి సంగతి వివరంగా తెలిసింది అప్పుడే.

ప్రతి యూదు ఇంటి గుమ్మానికీ లోపలికి వెళ్లేవారి కుడివైపున మెజూజా అమరుస్తారు, తోరా వాక్యాలు రాసిన తోలు చుట్టను పెట్టిన చిన్న గొట్టం. ఇల్లు పరుల చేతికి వెళితే దాన్ని తీసేస్తారు. ఈ వీధిలో ఏ ఇల్లు ఎవరిదో ఆరా తీయాలంటే ముందు చూడవలసింది దుకాణాల బోర్డులు కాదు, ఆ కుడి చట్రాన్ని.

వీధి తూర్పు వరస వెనుక, కాయల్ నీళ్ల దాకా గోదాములు. మిరియాలు, శొంఠి, యాలకులు పడవల్లోంచి దించి, ఆరబోసి, జల్లించి, మూటలు కట్టి మళ్లీ పడవలకెక్కించే పని శతాబ్దాలు నడిచింది. మిరియాల వర్తకుల సంఘం భవనం ఇప్పటికీ ఇదే దారిలో ఉంది. కంప్యూటర్లు రాక ముందు అక్కడ దళారులు గొంతులు చించుకుని మిరియాల ధర పలికేవారు, ఆ ధరను దేశవిదేశాల వర్తకులు చూసుకునేవారు. ఇప్పుడు గోదాముల్లో చాలావరకు పాత సామాన్ల దుకాణాలు, హోటళ్లు వెలిశాయి. 2012లో మొదలైన కొచ్చి-ముజిరిస్ బినాలే కళాప్రదర్శనలకు మట్టాంచేరి గోదాముల్లో కొన్ని వేదికలయ్యాయి. దుకాణాలు నడిపేవారిలో కశ్మీరీలు ఎక్కువ. శొంఠి వాసన ఇంకా పూర్తిగా పోలేదు.

మిగిలిన రెండు సినగాగ్‌లు

ఒకప్పుడు ఈ ఒక్క వీధిలో మూడు సినగాగ్‌లుండేవి. ఉత్తరాన పరదేశులది, కింద మలబారీ యూదులవి రెండు. మధ్యనుండే తెక్కుంభాగం 1647 నాటిది. సముదాయం వెళ్లిపోయాక దాన్ని పడగొట్టారు. దక్షిణపు కొసన ఉన్న కడవుంభాగం పదహారో శతాబ్దానిది, పరదేశి సినగాగ్ కన్నా పాతది. లోపలి చెక్కపని దానికన్నా గొప్పది. 1955 ప్రాంతంలో ప్రార్థనలు ఆగాక అది గోదాముగా మారింది. దాని లోకప్పు, గోడల పలకపని 1990లలో యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియానికి చేరాయి. అక్కడ దాన్ని తిరిగి కూర్చి, పరవూరు సినగాగ్ నుంచి తెచ్చిన హేఖల్‌ను జోడించి ప్రదర్శిస్తున్నారు. మట్టాంచేరిలో మిగిలిన గోడలు ఎండకూ వానకూ వదిలేసినవి, 2019 వానలకు ముందు భాగం కూలింది. పలకలున్న సినగాగ్‌కు ఏటా వేలమంది క్యూ కడుతుండగా, అదే వీధి అవతలి కొసన అంతకన్నా పాత కట్టడం కూలిపోవడం మన వారసత్వ సంరక్షణ తీరుకు మంచి పేరు తెచ్చేది కాదు.

అక్కడికి దగ్గరలోని సందుల్లో నెహెమ్యా మోతా సమాధి ఉంది. 1615 ప్రాంతంలో చనిపోయిన కవి, మార్మికుడు. యూదులే కాక చుట్టుపక్కల హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు కూడా వచ్చి కొవ్వొత్తి వెలిగించి మొక్కుకుంటారు. యూదుల శ్మశానం కూడా ఈ పేటలోనే ఉంది, తాళం వేసి ఉంటుంది.

వెళ్లినవాళ్లు, ఉన్నవాళ్లు

1948లో ఇజ్రాయెల్ ఏర్పడే నాటికి కొచ్చి ప్రాంతంలో సుమారు రెండున్నర వేల మంది యూదులుండేవారు. 1954–55లో మలబారీలు దాదాపుగా అందరూ వెళ్లిపోయారు. వాళ్లను తరిమినవాళ్లు ఎవరూ లేరు. ఈ నేల మీద వాళ్లకు యూదులన్న కారణంగా హిందూ పాలకుల నుంచి హింస ఎదురైన సందర్భం లేదు. వెళ్లింది విశ్వాసం పిలిస్తే, కొంత మెరుగైన బతుకు ఆశిస్తే. నెగెవ్ ఎడారిలోని నెవాతిం ఊళ్లో వాళ్లు కొచ్చి పద్ధతి సినగాగ్ కట్టుకున్నారు. ఆస్తులున్న పరదేశులు తరువాతి దశాబ్దాల్లో మెల్లగా తరలారు. కుట్టుపనితో సబ్బాతు రొట్టె మీద కప్పే గుడ్డలు అమ్ముతూ ఈ వీధికి ముఖంగా నిలిచిన పెద్దావిడ 2019లో కన్నుమూశారు. ఆ తరువాత ఇక్కడున్న పరదేశులను చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సామూహిక ప్రార్థనకు పదిమంది పెద్ద మగవాళ్లు కావాలి. బయటి నుంచి వచ్చే యాత్రికులు కలిస్తేనే ఆ లెక్క కుదురుతుంది.

తెలుగు నేల మీద కూడా యూదు మతాన్ని పాటించే చిన్న సముదాయం ఒకటుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తమను బెనే ఎఫ్రాయిం అని పిలుచుకునే కుటుంబాలు 1990ల మొదట్లో సినగాగ్ ఏర్పాటు చేసుకున్నాయి. కొచ్చి వర్తకులతో వీరికి సంబంధం లేదు, చరిత్ర వేరు. వీరి మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పరిశోధన గ్రంథం 2013లో వచ్చింది.

చూడదలచినవారికి

పరదేశి సినగాగ్‌ను శుక్ర, శనివారాల్లోనూ యూదు పండుగలకూ మూసేస్తారు. మిగిలిన రోజుల్లో పొద్దున కాసేపు, మధ్యాహ్నం మూడు తరువాత కాసేపు తెరిచి ఉంటుంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి, లోపల ఫోటోలు తీయనివ్వరు. చెక్కపని మీద ఆసక్తి ఉన్నవాళ్లు మట్టాంచేరితో ఆగకుండా ఉత్తరాన పరవూరు, చేందమంగలం సినగాగ్‌లకూ వెళ్లాలి. రెండూ పదిహేడో శతాబ్దం మొదటి పాదానివే, ముజిరిస్ వారసత్వ ప్రాంతంలో బాగుచేసి మ్యూజియాలుగా ఉంచారు. రద్దీ తక్కువ కనుక రెండు తెవాల అమరిక నిదానంగా చూడవచ్చు. చేందమంగలం సినగాగ్ ముందు సారా బత్ ఇజ్రాయెల్ సమాధి ఫలకం ఉంది. 1269 నాటిది, భారతదేశంలో దొరికిన హీబ్రూ శాసనాల్లో అన్నిటికన్నా పాతది.